డిఫాల్ట్‌కూ ఓ చరిత్ర ఉంది

1, 2, 3, 4 అనే నాలుగు సంఖ్యలకు మొదటి చతుర్థకం ఎంత? ఇంటర్మీడియట్ విద్యార్థి కాగితం మీద వేయగల ఈ లెక్కకు గణాంక సాఫ్ట్‌వేర్లు ఒకే జవాబు చెప్పవు. ఆర్ భాష 1.75 అంటుంది. ఎస్‌ఏఎస్ 1.5 అంటుంది. మినీట్యాబ్ 1.25 అంటుంది. మూడూ దశాబ్దాలుగా పరిశోధకుల చేతుల్లో నలిగిన ప్రోగ్రాములే, మూడింటిలో ఏదీ లెక్క తప్పలేదు. అలాగే 2, 4, 4, 4, 5, 5, 7, 9 అనే ఎనిమిది సంఖ్యల ప్రామాణిక విచలనం ఎంతని పైథాన్‌లోని నంపై లైబ్రరీని అడిగితే సరిగ్గా 2 అంటుంది, ఆర్‌ని అడిగితే 2.138 అంటుంది. మొదటిది విచలనాల వర్గాల మొత్తాన్ని ఎనిమిదితో భాగించింది, రెండోది ఏడుతో భాగించింది. ఇలాంటివి ఎదురైనప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు ప్రోగ్రాములో తప్పుందని అనుకుంటారు, లేదా తమకు గణితం రాదని అనుకుంటారు. రెండూ చాలాసార్లు నిజం కావు. సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఉన్న ఫంక్షన్ ఊహించని ఫలితం ఇచ్చినప్పుడు దాని వెనుక ఎక్కువగా కనిపించేది ఒక పాత నిర్ణయం. ఎవరో, ఎప్పుడో, తమ ముందున్న యంత్రానికీ తమ అవసరానికీ తగినట్టు తీసుకున్న నిర్ణయం అది. అవసరం మారింది, యంత్రం మారింది, నిర్ణయం మాత్రం ఫంక్షన్ లోపల అలాగే ఉండిపోయింది. అందుకే తేడా ఎక్కడ వచ్చిందో వెతికే పనిలో సగం చరిత్ర పరిశోధనే అని నా వాదన. గణాంక గణనకు ఉన్న తొంభై ఏళ్ల చరిత్ర ఈ వాదనకు బలమైన ఆధారాలే ఇస్తుంది.

లెక్క మొత్తం కళ్లెదుట జరిగిన కాలంతో మొదలుపెట్టాలి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. అక్కడ లెక్కలు చేసింది మనుషులు, వాళ్ల ముందున్నవి చేత్తో తిప్పే గణన యంత్రాలు. మొత్తాలు, వర్గాలు, లబ్ధాలు అన్నీ కాగితం మీద వరుసగా కనిపించేవి. ఒకరు చేసిన లెక్కను మరొకరు మొదటినుంచి చేసి సరిచూడటం ఆ వృత్తిలో మామూలు సంగతి. మహలనోబిస్ ఈ పద్ధతిని లెక్కల గది దాటించి పొలాల దాకా తీసుకెళ్లారు. బెంగాల్ జనపనార పంట సర్వేల్లో ఒకే ప్రాంతానికి స్వతంత్రమైన ఉప నమూనాలు వేర్వేరుగా తీయించి, వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దూరంగా ఉంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టు తెలిసేది. తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరారు. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించారు. ఆ పద్ధతికి మూలం 1936లో మహలనోబిస్ ప్రచురించిన సాధారణీకృత దూరం. ఆ కాలంలో కొలమానం ఏమిటో, భాజకం ఏమిటో, ఎన్ని దశాంశాలు ఉంచారో లెక్క చేసినవారికి తెలియకుండా ఉండే అవకాశమే లేదు.

ఆ వారసత్వం ఇవాళ ఒక ఫంక్షన్‌లో దాగి ఉంది. ఆర్‌లో మహలనోబిస్ పేరుతోనే ఒక ఫంక్షన్ ఉంది. దూరం కావాలని దాన్ని పిలిచినవారికి చేతికొచ్చేది దూరపు వర్గం. పైథాన్‌లోని సైపై లైబ్రరీ అదే పేరున్న ఫంక్షన్‌లో వర్గమూలం తీసి ఇస్తుంది. ఒకచోట 9 వస్తే మరోచోట 3 వస్తుంది. ఆర్ ఇచ్చింది తప్పు కాదు. సాంఖ్యకులు మొదటినుంచీ వాడుకలో ఉంచుకున్న కొలత డి-స్క్వేర్. కై-వర్గ పట్టికతో నేరుగా పోల్చడానికి పనికొచ్చేదీ ఆ వర్గమే. కాబట్టి ఆర్ ఫంక్షన్ గణాంక వృత్తి సంప్రదాయాన్ని పాటించింది, సైపై ఫంక్షన్ దూరం అనే మాటకు జ్యామితిలో ఉన్న అర్థాన్ని పాటించింది. ఈ సంగతి సహాయ పత్రం మొదటి వాక్యంలోనే ఉంటుంది. అయినా పేరు తెలిసిన ఫంక్షన్‌కు సహాయ పత్రం చదవాలని ఎవరికీ తోచదు, చిక్కు మొదలయ్యేది అక్కడే.

కంప్యూటర్లు వచ్చాక లెక్క కళ్ల ముందునుంచి తప్పుకుంది. 1960ల నాటికి ప్రతిగమన విశ్లేషణకు సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు అమెరికా విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో విరివిగా వాడుకలోకి వచ్చాయి. అమెరికా కార్మిక గణాంక విభాగంలో పనిచేసిన జేమ్స్ లాంగ్లీ వాటిని పరీక్షకు పెట్టాడు. 1947 నుంచి 1962 వరకు పదహారేళ్ల అమెరికా ఉపాధి సమాచారాన్నీ, దాన్ని వివరించే ఆరు ఆర్థిక చలరాశులనూ తీసుకుని, చేతి లెక్కతో జవాబు రాబట్టి, అదే సమాచారాన్ని వేర్వేరు ప్రోగ్రాములకు ఇచ్చాడు. 1967లో ఆయన ప్రచురించిన వ్యాసం ఆ రంగాన్ని కుదిపేసింది. ఒకే సమాచారానికి ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో జవాబు ఇచ్చింది, కొన్ని జవాబుల్లో సరైన అంకెలు దాదాపు మిగలలేదు. సూత్రం అన్నిచోట్లా ఒకటే. తేడా దాన్ని అమలు చేసిన తీరులో ఉంది. ఆ ఆరు చలరాశులు ఏటేటా కలిసి పెరిగేవి కాబట్టి ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీయడం కష్టం. అలాంటి సమాచారం మీద పుస్తకంలోని సమీకరణాలను ఉన్నదున్నట్టు సాధిస్తే, యంత్రం దాచుకోగల కొద్ది అంకెలు మధ్యలోనే అరిగిపోతాయి. మంచి పద్ధతుల కోసం అన్వేషణ ఊపందుకోవడానికి ఆ వ్యాసం కారణమైంది. లాంగ్లీ సమాచారం ఇప్పటికీ ఆర్‌తోపాటే ఆయన పేరు మీద వస్తుంది. యాభై ఏళ్లు దాటినా కొత్త ప్రోగ్రాములకు అదొక పరీక్షా పత్రంగా నిలిచింది.

పాత యంత్రానికి తగిన సూత్రం కొత్త యంత్రంలో ఎలా దెబ్బతీస్తుందో విస్తృతి లెక్కలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చేతి యంత్రాల కాలంలో ప్రతి సంఖ్యనుంచీ సగటు తీసివేసి వర్గం చేయడం చాలా శ్రమ. అందుకని సంఖ్యల మొత్తాన్నీ వర్గాల మొత్తాన్నీ ఒకే విడతలో కూడి, చివర్లో ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసివేసే సూత్రం పాఠ్య పుస్తకాల్లోకి ఎక్కింది. చేత్తో లెక్కపెట్టేవారికి అది వరమే, ఎందుకంటే కావలసినన్ని అంకెలు వాళ్లు కాగితం మీద ఉంచుకోగలరు. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇప్పుడు మామూలుగా వాడే ప్రమాణంలో ఒక సంఖ్యకు సుమారు పదహారు అంకెలే నిలుస్తాయి. 1000000001, 1000000002, 1000000003 అనే మూడు సంఖ్యలను తీసుకోండి. వాటి విస్తృతి 1. కానీ వాటి వర్గాలు పంతొమ్మిది అంకెలవి. చివరి అంకెలు గుండ్రబడి పోయాక రెండు మహా సంఖ్యలను ఒకదాన్నుంచి ఒకటి తీసివేస్తే మిగిలేదానికి అర్థం ఉండదు. దీనికి విరుగుడుగా వెల్ఫర్డ్ 1962లోనే మెరుగైన పద్ధతి ప్రచురించాడు. అయినా పాత సూత్రం ఎక్సెల్ ప్రామాణిక విచలన ఫంక్షన్‌లో 2003 కూర్పు వచ్చేదాకా కొనసాగింది. మెకల్లఫ్, విల్సన్ అనే ఇద్దరు 1999లో ఎక్సెల్ 97 గణాంక ఫంక్షన్లను పరీక్షించి ఇలాంటి లోపాలను అక్షరబద్ధం చేశారు. వాళ్లకు కొలబద్దగా ఉపయోగపడినవి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ సిద్ధం చేసిన ప్రామాణిక సమాచార సమితులు. ఎన్నో అంకెల వరకు ధ్రువీకరించిన జవాబులు వాటితో వస్తాయి. లాంగ్లీ ఒంటరిగా చేసిన పని అప్పటికి ఒక సంస్థ బాధ్యత అయింది.

పై రెండు ఉదాహరణల్లోవి అంకెలు అరిగిపోవడం వల్ల వచ్చిన చిక్కులు. రెండో రకం చిక్కులకు మూలం వాడుకలో సౌలభ్యం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, రిక్ బెకర్, వారి సహచరులు ఎస్ భాషకు రూపం ఇచ్చినప్పుడు వాళ్ల లక్ష్యం స్పష్టం. సాంఖ్యకుడు తెర ముందు కూర్చుని సమాచారంతో సంభాషించాలి, తక్కువ టైపు చేసి ఎక్కువ చూడాలి. అందుకని భాష చాలాచోట్ల వాడేవారి మనసులో ఏముందో ఊహించి పని చేస్తుంది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలినాళ్లలో ఆర్‌ని మొదలుపెట్టినప్పుడు ఎస్ అలవాట్లనే తీసుకున్నారు. 2000 ఫిబ్రవరి 29న ఆర్ తొలి పూర్తి స్థాయి కూర్పు వచ్చేనాటికి ఆ అలవాట్లకు పాతికేళ్ల వయసు. ఎదురుగా కూర్చున్న మనిషికి సాయపడే ఊహ, మనిషి చూడని ప్రోగ్రామ్ లోపల చిక్కుగా మారుతుంది. శాంపుల్ ఫంక్షన్ సంగతి చూడండి. దానికి కొన్ని సంఖ్యలు ఇస్తే వాటిలోంచి యాదృచ్ఛికంగా ఎంచి ఇస్తుంది. ఒకే ఒక్క సంఖ్య, అంటే 7 మాత్రమే ఇస్తే, 1 నుంచి 7 వరకు ఎంచుకోమన్నారని అర్థం చేసుకుంటుంది. కూర్చుని టైపు చేసేవారికి అది సౌకర్యం. కానీ షరతులు పెట్టి వడగట్టిన జాబితాలో ఒకరోజు ఒక్క సంఖ్యే మిగిలితే, జాబితాలో లేని సంఖ్య ఫలితంగా వస్తుంది, హెచ్చరిక ఏదీ రాదు.

ఫ్యాక్టర్ల కథ దీనికి తోబుట్టువు. సమాచారంలో అక్షరాలుగా ఉన్న అంశాలు, అంటే జిల్లా పేరు, చికిత్స రకం లాంటివి, గణాంక నమూనాలో వర్గాలుగా పనిచేస్తాయి. వాటిని ఆర్ లోపల 1, 2, 3 అనే గుర్తులుగా దాచి, పక్కన పేర్ల పట్టిక ఉంచుకుంటుంది; ఈ అమరికకే ఫ్యాక్టర్ అని పేరు. నమూనాల నిర్మాణమే ప్రధాన పని అయిన రోజుల్లో, ఫైలు చదవగానే అక్షరాలన్నింటినీ వర్గాలుగా మార్చేయడం సహజంగా తోచింది. ఆ తర్వాత ఆర్‌లో జరిగే పని మారింది. సర్వే పత్రాలు, చిరునామాలు, వాక్యాలు, సగం నింపిన పట్టికలు అందులోకి వచ్చిపడ్డాయి. సంఖ్యల నిలువు వరుసలో ఎక్కడో ఒక అక్షరం దొర్లితే వరుసంతా ఫ్యాక్టర్‌గా మారేది. దాన్ని తిరిగి సంఖ్యలుగా మార్చమంటే 10, 20, 5 అని ఉన్నచోట 1, 2, 3 వచ్చేవి. లోపలి గుర్తులు బయటపడేవి, విలువలు లోపలే ఉండిపోయేవి. దోషం వెతికేవారికి ఇక్కడ పనికొచ్చేది ఫంక్షన్ పుట్టుక. ఇది నమూనాల కోసం పుట్టిన అమరిక అని తెలిసినవారు గుర్తుల వెనుక ఉన్న పేర్లను ముందు బయటికి తీసి, తర్వాత సంఖ్యలుగా మారుస్తారు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.0.0 కూర్పులో ఈ డిఫాల్ట్‌ను మార్చారు. దానితో పాత ప్రోగ్రాములు కొన్ని కొత్త రకంగా ఆశ్చర్యపరిచాయి.

మొదట చెప్పిన చతుర్థకాల తేడా ఈ రెండు రకాల్లోనూ ఇమడదు. అది ఊరికో కుంచం ఉన్న కాలపు వ్యవహారం లాంటిది. నాలుగు సంఖ్యల్లో పాతిక శాతం సరిగ్గా ఎక్కడ పడుతుందో చెప్పాలంటే రెండు సంఖ్యల మధ్య ఖాళీని ఎలా నింపాలో ముందు నిర్ణయించుకోవాలి. దానికి గణితం ఒక్క దారే చూపదు. రాబ్ హైండ్‌మన్, యానన్ ఫాన్ 1996లో సాఫ్ట్‌వేర్లు వాడుతున్న నిర్వచనాలను వరుస పెడితే తొమ్మిది తేలాయి. వాళ్లు ఎనిమిదో రకం మేలని సిఫారసు చేశారు. ఆర్‌లో తొమ్మిదీ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి, కానీ అడగకుండా వచ్చేది ఏడో రకమే, ఎందుకంటే ఎస్‌లో ఉన్నది అదే. సగాన్ని సరి సంఖ్య వైపు గుండ్రం చేయడమూ ఇలాంటిదే. ఆర్‌లో 2.5ని గుండ్రం చేస్తే 2 వస్తుంది, ఎక్సెల్‌లో 3 వస్తుంది. ఎప్పుడూ పైకే తోస్తే మొత్తాలు కొంచెం కొంచెంగా పెరిగిపోతాయన్న ఆలోచన ఆర్ పాటించే అంతర్జాతీయ ప్రమాణం వెనుక ఉంది. బడి నియమం అలవాటైన చేతికి ఎక్సెల్ జవాబు సహజంగా ఉంటుంది.

ఇవన్నీ చిన్న తేడాలు, అసలు పరిశోధనను ఇవేం చేస్తాయని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు 2002లో దొరికింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని తొంభై పెద్ద నగరాల్లో గాలిలోని ధూళికీ మరణాలకూ ఉన్న సంబంధాన్ని కొలిచారు. ఘనపు మీటరు గాలిలో ధూళి కణాలు పది మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 0.41 శాతం పెరుగుతున్నాయని వారి తొలి అంచనా. ఇందుకు వాళ్లు ఎస్-ప్లస్ సాఫ్ట్‌వేర్‌లోని గ్యామ్ ఫంక్షన్ వాడారు. ఆ ఫంక్షన్ జవాబును ఒక్కసారిగా చెప్పదు. ఒక అంచనాతో మొదలై, విడత విడతకూ దాన్ని సవరించుకుంటూ, సవరణ బాగా చిన్నదైనప్పుడు ఆగుతుంది. ఎంత చిన్నదైతే ఆగాలన్నదానికి డిఫాల్ట్ వెయ్యిలో ఒక వంతు. ప్రభావాలు పెద్దవిగా ఉండే మామూలు సమస్యలకు ఆ పరిమితి సరిపోయేది, పాత కంప్యూటర్ల సమయం కూడా మిగిల్చేది. కానీ ఇక్కడ వెతుకుతున్న ప్రభావమే వెయ్యిలో నాలుగు వంతులు. ఫంక్షన్ తన నియమం ప్రకారమే ఆగింది, అసలు జవాబు చేరకముందే ఆగింది. ఆ బృందమే దీన్ని గుర్తించి, పరిమితిని కఠినం చేసి మళ్లీ లెక్కించి, విషయాన్ని బహిరంగంగా ప్రకటించింది. 0.41 శాతం 0.27కు తగ్గింది. వేరే పద్ధతిలో నమూనా కడితే 0.21 వచ్చింది. ధూళి ప్రమాణాలను అప్పుడే సమీక్షిస్తున్న అమెరికా పర్యావరణ సంస్థకు ఇది చిన్న విషయం కాదు. అదే ఫంక్షన్ వాడిన ఇతర బృందాలూ తమ లెక్కలు తిరగతోడవలసి వచ్చింది. ఆ పునర్విశ్లేషణలన్నీ 2003లో ఒక ప్రత్యేక నివేదికగా వెలువడ్డాయి. ప్రభావం తగ్గింది గానీ మాయం కాలేదు. ఆర్‌లోని గ్యామ్ ప్యాకేజీలో ఇప్పుడు ఆ పరిమితి కోటిలో ఒక వంతు.

నా వాదనకు రాగల మొదటి అభ్యంతరం ఇది: ఫంక్షన్ లోపలికి తొంగిచూడనక్కర లేకపోవడమే దాని ప్రయోజనం, వైద్యుడో వ్యవసాయ అధికారో ప్రతి ఫంక్షన్ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలంటే సొంత పని ఎప్పుడు చేస్తారు? ఇది న్యాయమైన ప్రశ్న. అన్నింటినీ అనుమానించమని నేను అనడం లేదు. జవాబు ముందే తెలిసిన నాలుగైదు సంఖ్యలను ఫంక్షన్‌కు ఇచ్చి చూడటానికి నిమిషం చాలు. భాజకం ఎనిమిదా ఏడా, వచ్చింది దూరమా వర్గమా అన్నది ఆ నిమిషంలోనే తేలుతుంది. ఆగే పరిమితిని పదో వంతుకు తగ్గించి మళ్లీ నడిపితే ఫలితం కదులుతుందో లేదో తెలుస్తుంది. కలకత్తాలో రెండో మనిషి చేసిన పనికి ఇవే నేటి రూపాలు. ఫలితం మనుషుల ఆరోగ్యాన్నో ప్రభుత్వ విధానాన్నో తాకేటప్పుడు ఆ కొద్ది శ్రమ ఐచ్ఛికం కాకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. నిర్ణయాలు పాతబడితే అందరూ కూర్చుని ఒకే ప్రమాణం పెట్టుకోవచ్చు కదా, చరిత్ర చదివే భారం వాడేవారి మీద ఎందుకు? కొన్నిచోట్ల అది జరిగింది, ఫ్లోటింగ్ పాయింట్ గణనకు 1985లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం మేలే చేసింది. కానీ మార్పుకూ మూల్యం ఉంటుంది. చాలా పెద్ద సమూహాల్లోంచి ఎంచేటప్పుడు శాంపుల్ ఫంక్షన్ అందరికీ సమాన అవకాశం ఇవ్వడం లేదని తేలాక, 2019లో ఆర్ 3.6.0 కూర్పులో పద్ధతి మార్చారు. సవరణ సరైనదే. దానితో అదే ప్రారంభ సంఖ్య ఇచ్చినా పాత వ్యాసాల్లోని యాదృచ్ఛిక ఎంపికలు తిరిగి రాకుండా పోయాయి. అందుకని పాత పద్ధతిని తిరిగి పిలిచే వీలు కూడా ఉంచారు. అంటే ప్రమాణం మారినా పాతది మరుగున పడదు, ఏ కూర్పులో ఏది అమల్లో ఉందో తెలుసుకోవలసిన అవసరం ఇంకా పెరుగుతుంది. చతుర్థకాలకు ఎనిమిదో రకం మేలని నిపుణులు చెప్పినా ఏడోది కొనసాగడానికి కారణం మొండితనం కాదు, ఇప్పటికే అచ్చయిన ఫలితాల పట్ల బాధ్యత.

నిజమైన దోషాలు కూడా ఉంటాయి కదా అని మూడో ప్రశ్న రావచ్చు. ఉంటాయి, దానికి అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ 1960లలో ఐబీఎం యంత్రాలతో వ్యాపించిన రాండు. యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వవలసిన ఈ ప్రోగ్రామ్‌లో వరుసగా మూడేసి సంఖ్యలను బిందువులుగా గుర్తిస్తే అన్నీ కేవలం పదిహేను సమతలాల మీదే పడతాయి. దీనికి సమర్థన లేదు. అయితే అక్కడ కూడా గుణకం 65539ను ఎంచుకోవడానికి కారణం ఆ కాలపు యంత్రాల్లో గుణకారం తేలిక కావడమే. అది రెండు ఘాతాంకం పదహారుకు మూడు కలిపిన సంఖ్య. దోషమైనా, సంప్రదాయమైనా, సౌలభ్యమైనా మూలం ఆనాటి పరిస్థితుల్లోనే దొరుకుతోంది. ముందే తప్పని తీర్పు చెప్పి వెతికేవారికంటే, ఇది ఏ అవసరానికి ఇలా పుట్టిందని అడిగేవారు అసలు కారణాన్ని త్వరగా చేరుకుంటారు.

తెలుగు నేలమీద విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో ఇవాళ ఆర్, పైథాన్, ఎక్సెల్ లేకుండా సాగే పరిశోధన అరుదు. సిద్ధాంత వ్యాసాల్లో సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే రాసి వదిలేస్తే, తర్వాత చదివేవారు ఆ లెక్కను తిరిగి చేయలేరు. కూర్పు సంఖ్య, వాడిన ఫంక్షన్, మార్చిన డిఫాల్ట్‌లు, మార్చకుండా వదిలిన వాటిలో ఫలితాన్ని కదిలించగలవి, వీటన్నింటికీ నాలుగు వాక్యాలు చాలు. గణాంక పాఠం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే: సూత్రంతోపాటు ఆ సూత్రాన్ని అమలు చేసే ఫంక్షన్ చరిత్రను కూడా ఒక గంట చెప్పండి, ఒకే సమాచారాన్ని రెండు సాఫ్ట్‌వేర్లలో చేయించి, తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థుల చేతనే రాయించండి.